ఎన్రికో కరూసో: గానము, గ్రామఫోను, మాతృభాష

గాయకుని కీర్తికి ఆయువు స్వల్పము. కవి గతించినను కావ్యము నిలుచును. శిల్పి గతించినను శిల్పము నిలుచును. గాయకుడు గతించిననాడే అతని గానమును గతించును. విన్నవారి పొగడ్తలు కొంతకాలము మిగిలి, వారితోనే అంతరించును. ఈ నియమమును దాటిన తొలి మహాగాయకులలో ఇటలీదేశపు టెనర్ గాయకుడు ఎన్రికో కరూసో అగ్రగణ్యుడు. అతడు 1921లో మరణించెను. నూరేండ్లు గడచినను అతని పాట గ్రామఫోను రికార్డులలో వినబడుచున్నది. కావున అతనిని పరుల మాటలనుబట్టి గాక, చెవితో విని విమర్శింప వీలగుచున్నది.

అయితే ఈ సౌలభ్యమే రెండు అపోహలకు తావిచ్చినది. కరూసోను గొప్పవానిని చేసినది యంత్రమేయని కొందరి వాదము. అతని కంఠము దైవదత్తమే కాని సాధనఫలము కాదని మరికొందరి వాదము. అతని జీవితమును, రికార్డులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఈ రెండు వాదములును నిలువవు.

ఒపేరా యనగా వాద్యబృందముతో ఆద్యంతము గానముగా నడచు నాటకము. పురుషకంఠములలో సాధారణముగా పైస్థాయిని పాడునది టెనర్. నాయకపాత్ర తరచుగా ఆ కంఠమునకే దక్కును. ధ్వనివర్ధకముల సహాయము లేకుండ, అరువది డెబ్బది వాద్యముల ఘోషను దాటి, విశాలమైన శాలలో కడపటి వరుసవరకు ఆ కంఠము చేరవలెను. ఇందుకు బలము కావలెను. ఆ బలమును పొదుపుగా వాడు నేర్పు అంతకన్న ముఖ్యముగా కావలెను.

కరూసో 1873 ఫిబ్రవరి 25న నేపుల్సు నగరమున పేదకుటుంబములో జన్మించెను. తండ్రి యంత్రపుపనివాడు. కుమారుడును అదే వృత్తిలో స్థిరపడవలెనని తండ్రి కోరిక. అతడు పాడవలెనని తల్లి కోరిక. బాలుడు చర్చిలో పాడుచు పెరిగెను. 1888లో తల్లి మరణించెను. తరువాత అతడు ఊరి పాటలు పాడి నాలుగు కాసులు సంపాదించుచు వచ్చెను. గుల్యెల్మో వెర్జీనె అను గురువు అతనిని శిష్యునిగా చేర్చుకొన్నాడు గాని, ఆ కంఠముపై ఆయనకు మొదట గురి కుదరలేదు. 1895 మార్చి 15న నేపుల్సులోని నూవో నాటకశాలలో కరూసో తొలిసారి ఒపేరా రంగమెక్కెను. ఆ రోజులలో పైస్వరములు అందుకొనునప్పుడు అతని గొంతు పగులుచుండెడిది. విన్చెంజో లొంబార్డి వద్ద శిక్షణ పొందిన తరువాతనే ఆ స్వరములు అతనికి స్వాధీనమైనవి. కంఠము పుట్టుకతోనే సిద్ధమై వచ్చినదను మాటకు ఈ తొలి సంవత్సరములే సమాధానము.

1897లో మిలాను నగరమున చిలేయా రచించిన ‘లార్లెసియానా’ తొలి ప్రదర్శనమునను, 1898లో జోర్దానో రచించిన ‘ఫెదోరా’ తొలి ప్రదర్శనమునను కరూసో పాడెను. రెండవదానితో అతని పేరు దేశదేశములకు ప్రాకెను. సామాన్యజనుల రాగద్వేషములను రంగముపైకి తెచ్చిన వాస్తవికరూపకములు ఆనాడు ఇటలీలో వెలయుచుండెను. వాటికి కేవలము నాజూకైన గమకములు చాలవు. మాట మాటగా వినబడవలెను, బాధ బాధగా తోచవలెను. కరూసో కంఠము ఆ అవసరమునకు సరిపోయినది. 1900 డిసెంబరులో అతడు మిలానులోని లా స్కాలా నాటకశాలలో ప్రవేశించెను.

ఇంతటి కీర్తితో అతడు సొంత ఊరికి వచ్చెను. 1901 డిసెంబరు కడపట నేపుల్సులోని సాన్ కార్లో నాటకశాలలో దొనిజెత్తి రచించిన ‘లెలిసీర్ దమోరె’ రూపకమున పాడెను. అచ్చటి రసికులు అతడు ఆశించిన ఆదరమును చూపలేదు. పత్రికావిమర్శయు కటువుగానే ఉండెను. ఇక నేపుల్సులో పాడనని కరూసో నిశ్చయించుకొనెను. ఆ మాటను జీవితాంతము నిలుపుకొనెను. ఊరు అతనిని నిరాకరించినదో, అతడే ఊరిని నిరాకరించినాడో తేల్చుట కష్టము. ఆ గాయము మాత్రము మానలేదు.

మూడు నెలలు గడచిన పిమ్మట, 1902 మార్చిలో, గ్రామఫోను కంపెనీ ప్రతినిధి ఫ్రెడ్ గైస్‌బర్గ్ లా స్కాలాలో కరూసో పాట వినెను. 1902 ఏప్రిల్ 11న మిలానులోని ఒక హోటలు గదిలో పియానో సహకారముతో కరూసో పది పాటలు పాడెను. ప్రతిఫలము 100 పౌనులు. ఆ హోటలులోనే మహాస్వరకర్త వెర్ది 1901లో కన్నుమూసెను. ఈ గైస్‌బర్గే అదే సంవత్సరము నవంబరులో కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసెను. అనగా ఇటలీ ఒపేరాకును హిందూస్థానీ గానమునకును ఒక్క ఏటనే, ఒక్క మనిషి చేతనే ఆ బాకా ఎదురైనది. తుములధ్వని గల రంగస్థల గాయకుడును, సభలలో విస్తరించి పాడు గాయనియు మూడు నాలుగు నిమిషములలో తమ కళను ఇముడ్చవలసివచ్చెను.

యంత్రమే కరూసోను సృష్టించెనను వాదమును ఇచ్చట పరిశీలింపవలెను. ఆనాటి పద్ధతిలో విద్యుత్తు లేదు. గాయకుడు బాకా ఎదుట నిలిచి పాడగా, ధ్వనివేగమే సూదిని కదలించి మైనముపై గీత గీయును. మిక్కిలి తగ్గుస్వరములును, కంఠమునకు మెరుగునిచ్చు సూక్ష్మనాదములును ఆ బాకాకు అందవు. స్త్రీల ఉచ్చకంఠములు అందు సన్నబడి వినబడెడివి. కరూసో కంఠములోని నిండుతనము మాత్రము ఆ యంత్రమునకు చక్కగా అమరినది. ఇంతవరకు ఆ వాదము సత్యమే. కాని అదే బాకా ముందు ఎందరో టెనర్లు పాడిరి. అందరును కరూసోలు కాలేదు. విద్యుత్తుతో రికార్డు చేయు విధానము 1925లో వచ్చెను. కరూసో రికార్డులన్నియు అంతకుముందువే. యంత్రము అతనికి ఇచ్చినదానికంటె అతనినుండి తగ్గించినదే ఎక్కువ. తగ్గించిన పిమ్మటను మిగిలినది ఇంత యున్నదనుటయే అతని ఘనతకు సాక్ష్యము.

ఆ రికార్డులను కాలక్రమమున వినువారికి సాధన స్పష్టముగా గోచరించును. లెయొన్‌కవాల్లో రచించిన ‘పాల్యాచ్చి’లో భార్య ద్రోహమెరిగిన విదూషకుడు, గుండె పగులుచుండగా ముఖమునకు రంగు పూసికొను ఘట్టము కలదు. ఆ పాటను కరూసో 1902లోను, 1904లోను పియానోతో, 1907లో వాద్యబృందముతో రికార్డు చేసెను. తొలిదానిలో లేత కంఠము, ఉత్సాహము వినబడును. 1907 నాటి పాటలో శ్వాస దీర్ఘమైనది, స్వరము చిక్కబడినది, దుఃఖము ఒక్కసారిగా గాక మెట్టుమెట్టుగా పెరుగును. 1909లో స్వరతంత్రులకు శస్త్రచికిత్స జరిగినను అతడు వెనుదీయక, మరింత గంభీరమైన పాత్రలకు తన కంఠమును మలచుకొనెను. వెర్ది ‘ఒథెల్లో’లోని ఒక యుగళమును 1914లో బారిటోన్ గాయకుడు తిత్తా రుఫ్ఫోతో కలిసి రికార్డు చేసెను గాని, ఆ పాత్రను రంగముపై ఎన్నడును ధరింపలేదు. తన హద్దును ఎరుగుటయు విద్యలో భాగమే.

దోషములను దాచుట విమర్శకు తగదు. వాస్తవికరూపకములలో అతడు చేర్చిన వెక్కిళ్లు కొన్నియెడల రాగరేఖను తెంచును. మోజార్టు రూపకములలో అతడు పాడినది అరుదు. ఇంతకన్న పెద్ద నష్టము అనుకరించినవారివలన కలిగినది. వారు వెక్కిళ్లను పట్టుకొనిరి, శ్వాసను పట్టుకొనలేదు. కేకను నేర్చిరి, పొదుపును నేర్వలేదు.

1903 నవంబరు 23న న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరాలో కరూసో తొలిసారి పాడెను. అప్పటినుండి 1920 వరకు ఆ రంగముపై 800కు పైగా ప్రదర్శనములలో పాల్గొనెను. 1910లో పుచ్చీని ‘లా ఫాంచుల్లా దెల్ వెస్ట్’ రూపకమునకు తొలి నాయకుడు అతడే. అయినను న్యూయార్కులో అతని ఆప్తశ్రోతలు మేడలలోని ధనికులు మాత్రమే కారు. 1880 మొదలు నలుబది ఏండ్లలో సుమారు 40 లక్షల ఇటాలియనులు అమెరికాకు వలసవెళ్లిరి. వారిలో పెక్కురు దక్షిణ ఇటలీవారు. వారి నాలుకపై నున్నది పాఠశాలలోని ఇటాలియను కాదు. నేపుల్సు, సిసిలీ వంటి సీమల సొంత పలుకు. అట్టి వలసజనులకై న్యూయార్కున వెలువడిన ‘లా ఫోల్లియా’ అను పత్రికకు కరూసో వ్యంగ్యచిత్రములు గీసి ఇచ్చుచుండెడివాడు. ఆ పత్రిక స్థాపకులలో నొకడైన కవి రిక్కార్దో కోర్దిఫెర్రో నేపుల్సు పలుకులో వ్రాయగా, వలసవచ్చిన సల్వతోరె కార్దిల్లో స్వరపరచిన ‘కోరె ఎన్‌గ్రాతో’ అను పాటను కరూసో 1911లో రికార్డు చేసెను. కృతఘ్నహృదయమని ఆ పేరునకు అర్థము. నేపుల్సు పాటగా లోకమునకు తెలిసిన ఆ గీతము పుట్టినది నేపుల్సులో కాదు, సముద్రమునకు ఆవలి వలసవాడలలో.

కరూసోను అంచనా వేయువారు ఒపేరా ఘట్టములను ప్రధానముగా గ్రహించి, ఈ పాటలను వినోదముగా త్రోసివేయుట వాడుక. ఇది సరి కాదు. ఈ పాటలలో అతడు అచ్చులను సాగదీయు తీరు, హల్లులపై నిలుచు తీరు గమనించినచో, ఒపేరాలో అతని మాటకు గల స్పష్టత ఎచ్చటినుండి వచ్చినదో తెలియును. వీధులలో బాల్యమున పాడిన పలుకే అతని తొలి సంగీతపాఠము. ఊరిలో పాడనని ఒట్టు పెట్టుకొనినవాడు ఊరి పలుకును ఖండాంతరమునకు కొనిపోయెను. అచ్చట ఆ పలుకు మరచిపోవలసిన తరమునకు దానిని మరల వినిపించెను. పుట్టిన సీమకు దూరముగా తరతరములు జీవించిన ఏ భాషాసమాజమునకైనను దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1920 డిసెంబరులో బ్రూక్లినులో పాడుచుండగా కరూసో నోట రక్తము పడెను. అదే నెల 24న హలెవీ ‘లా జూయివ్’ రూపకమున వృద్ధుడైన యూదుని పాత్రలో కడసారి రంగమెక్కెను. రోగము ముదిరి, పలు శస్త్రచికిత్సలు జరిగిన పిమ్మట ఇటలీకి తిరిగి వచ్చెను. 1921 ఆగస్టు 2న, 48 ఏండ్ల ప్రాయమున, నేపుల్సులోనే కన్నుమూసెను. ఇరువది ఏండ్లనాడు చప్పట్లు కొట్టుటకు తటపటాయించిన నగరము అతని అంత్యయాత్రకు కదలివచ్చెను.

1976లో శాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయమున ఆ పాత రికార్డులలోని బాకా దోషములను తగ్గించి వినిపించిరి. పొరలు తొలగిన కొలది లోపల కానవచ్చినది యంత్రపు మాయ కాదు. పగిలిన గొంతును సాధనతో అతికించుకొనిన ఒక పనివాని బిడ్డ, తల్లి నేర్పిన పలుకును విడువని నాలుక.