వంత

పోర్ట్ బ్లెయిర్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం ఐదింటికే చీకటి. మన దేశంలో గడియారం నడిచేది కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఈ ఊరు దానికి పది డిగ్రీలు తూర్పున, 93 దగ్గర ఉంది. సూర్యుడు నలభై నిమిషాలు ముందే వచ్చి ముందే పోతాడు. లౌడ్‌స్పీకరు రాత్రి పదింటికి కట్టేయాలన్న నిబంధన మాత్రం దేశమంతటా ఒకటే. అంటే పండగలకు వేసే పాటల పందిరికి ఇక్కడ విశాఖపట్నం కంటే దాదాపు అరగంట చీకటి ఎక్కువ దొరుకుతుంది. అరగంటంటే తక్కువేం కాదు, ఆరుగురు పాడుకోవచ్చు.

2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అలవాటుపడ్డ నోళ్లకు ఇంకా పోర్ట్ బ్లెయిరే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవులన్నిటి జనం 3.8 లక్షలు. అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. వేటకొచ్చి ఉండిపోయినవాళ్లు, కూలికొచ్చినవాళ్లు, సర్కారు ఉద్యోగాల మీద వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల వాళ్లు. జంగ్లీఘాట్ రేవు వైపు నడిస్తే ఆ యాసే చెవిన పడుతుంది. విశాఖ నుంచి ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. భజన కూడా ఆ ఓడెక్కే వచ్చింది.

ఎవరైనా పేరిచ్చి, వంతు రాగానే మైకు పట్టుకుని పాడి దిగిపోయే పద్ధతిని ఇప్పుడు ఓపెన్ మైక్ అంటున్నారు. 2010 నుంచి హైదరాబాదు బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట్ల ఇది బాగా అలవాటైంది. న్యూయార్క్‌లో 1960 ప్రాంతాల్లో గర్డీస్ ఫోక్ సిటీ అనే చోట సోమవారం రాత్రుళ్లు కొత్తవాళ్లకు వేదిక వదిలేవారు. బాబ్ డిలన్ కూడా అలాంటి రాత్రుల్లో పాడినవాడే. అయితే మన రామకోవెల అరుగు మీద ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్కడ పేరివ్వడం కూడా లేదు, తాళాలు చేతికొస్తే వంతు వచ్చినట్టే. ఇంకో తేడా ఉంది, అసలు చెప్పదలచింది దాని గురించే. కేఫ్ మైకు దగ్గర పాడేవాడు ఒంటరి. కోవెల అరుగు మీద వాడికి వంత ఉంటుంది.

వంత అన్న మాటకు మన భాష అన్యాయం చేసింది. ‘వంత పాడుతున్నాడు’ అంటే ఇప్పుడు తిట్టు, పెద్దమనిషి ఏమన్నా తలూపేవాడని అర్థం. బుర్రకథ చూసినవాళ్లకు వంత విలువ తెలుసు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. కథకుడి ఊపిరి అయిపోయే చోట వాళ్లు అందుకుంటారు. ఒక వంత హాస్యం చూసుకుంటాడు, ఇంకొకడు లోకం సంగతులు. ఆ ఇద్దరినీ తీసేస్తే కథకుడు పావుగంట నిలబడలేడు. వల లాగే పాట కూడా ఇంతే. తీరంలో అలివి వల లాగేటప్పుడు ఒకడు ముందు పదం ఎత్తుతాడు, మిగతావాళ్లంతా జవాబు పాడతారు. బలం పడేది ఆ జవాబు మీదే. ఎత్తేవాడి గొంతు బాగుందా లేదా అని ఆ ఒడ్డున ఎవరూ అడగరు, వల కదిలిందా లేదా అన్నదే లెక్క.

భజనలో ఈ పనితనం ఇంకా వివరంగా కనిపిస్తుంది. ముందు గణపతి, ఆ తర్వాత గురువు, ఆపైన ఎవరి వంతు వాళ్లది. ముందు పాడేవాడు పల్లవి ఒకసారి అంటాడు, గుంపు అదే మాట తిరిగి అంటుంది. మళ్లీ అంటాడు, మళ్లీ అంటారు. పైకి చూస్తే ఇది ఉత్త పునరుక్తి. లోపల మూడు నాలుగు పనులు జరుగుతుంటాయి. గుంపు పాడే ఆ కాసేపట్లో వాడు ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాతి చరణం మొదటి మాట గుర్తుచేసుకుంటాడు. తను ఎత్తిన శ్రుతి గుంపుకు అందుతోందో లేదో వింటాడు. అందకపోతే రెండోసారి కాస్త దించుతాడు, ఎవరికీ తెలియదు. తప్పు పాడితే గుంపు ఆ తప్పును పాడదు, సరైనదే పాడుతుంది. వాడు విని మూడోసారికి దిద్దుకుంటాడు. తప్పు నలుగురిలో ఎత్తి చూపకుండా దిద్దే ఇంత మర్యాదైన బడి ఇంకెక్కడుందో నేను చూడలేదు.

నేను పదేళ్లప్పుడు మొదటిసారి తాళాలు పట్టుకుని రామదాసు కీర్తన ఎత్తితే అది నా గొంతుకు రెండు మెట్లు పైన పడింది. రెండో చరణానికి గొంతు జీరబోయింది. మద్దెల వాయించే తాత ఏమీ అనకుండా నడక రెట్టింపు చేశాడు. గుంపంతా నామం అందుకుంది. ఆ హోరులో నా గొంతు ఎక్కడ పోయిందో ఎవరూ చూడలేదు. నాకప్పుడు అది దేవుడి దయ అనిపించింది. తాతగారి విద్య అని తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

నడక రెట్టింపు చేయడం అలంకారం కోసం అనుకుంటారు. ముందు నింపాదిగా, తర్వాత దానికి రెండింతలు, చివర జోరు. నింపాది నడకలో మాట తెలుస్తుంది, కానీ గొంతు లోపం కూడా తెలుస్తుంది. జోరులో మాట కరిగి నామం మిగులుతుంది, లోపం అందులో కలిసిపోతుంది. తెలిసిన గురువు, కొత్తవాడు తడబడుతున్నాడంటే త్వరగా జోరులోకి తీసుకుపోతాడు. బాగా పాడేవాడైతే నింపాదిలోనే ఎక్కువసేపు ఉంచుతాడు, నలుగురూ వింటారని.

ఇప్పుడు పందిళ్లలో పాడే తీరు పాతది కాదు. వినాయక చవితికో ఉగాదికో పెట్టే పాటల రాత్రికి హార్మోనియం బదులు ఫోను, మద్దెల బదులు కరోకే ట్రాకు. ఈ కరోకే 1971లో జపాన్‌లోని కోబెలో పుట్టింది. ఇనొవె దైసుకె అనే ఆయన బార్లలో వాయించేవాడు, తాగి వచ్చినవాళ్లు పాడుతుంటే వాళ్ల తప్పుడు నడకకు తగ్గట్టు వాయించడంలో దిట్ట. ఒక కంపెనీ యజమాని తనతో ఊరు రమ్మంటే వెళ్లలేక, ఆ యజమాని పాడే పాటలకు వాయిద్యం టేపు మీద ఎక్కించి పంపాడు. అక్కడినుంచి వచ్చిన ఆలోచనే ఆ యంత్రం. దాన్ని ఇనొవె పేటెంటు చేసుకోలేదు. వాయించేటప్పుడు పాడేవాడి వెనక నడిచిన మనిషి, ఎవరి వెనకా నడవని యంత్రాన్ని లోకానికి ఇచ్చాడు. ట్రాకు ఎవరికీ వంత పాడదు. మీరు ఆగితే అది ఆగదు.

పోర్ట్ బ్లెయిర్‌కు ఈ ట్రాకులు సులువుగా అందింది ఈమధ్యనే. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబులు వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఇంటర్నెట్టంతా ఉపగ్రహం మీదే, ఒక్క పాట దించుకోవాలన్నా ఓపిక కావాలి. మెమరీ కార్డులో ఉన్నవే పాటలు. కేబులు వచ్చాక ట్రాకులకు కొదవలేదు. పాడేవాడి కష్టం మాత్రం కొత్తగా మొదలైంది.

ఆ కష్టం ముందు శ్రుతి దగ్గర. హార్మోనియం ఉన్న రోజుల్లో ‘ఏ శ్రుతి బాబూ?’ అని అడిగేవారు. ‘నాకేటి తెల్సు గురువుగారూ, మీరే సూడండి’ అంటే, రెండు మాటలు పాడించుకుని మెట్టు పట్టేసేవారు. మామూలు మగ గొంతుకు ఒకటి, ఒకటిన్నర, రెండు. ఆడ గొంతుకు ఐదు, ఐదున్నర దగ్గర. ట్రాకు మాత్రం ఆ సినిమా గాయకుడి గొంతుకు కొలిచిన చొక్కా. ఘంటసాల కొలత, బాలు కొలత మనకు పడుతుందా? పల్లవి పాడి చూసుకుని ‘పర్లేదు, అందుతోంది’ అనుకుంటారు, పొరపాటంతా అక్కడే. పాటలో ఎత్తు ఎక్కువగా ఉండేది చరణంలో. ఇంట్లో ముందు పాడి చూసుకోవలసింది చరణంలో ఆ పైమాట ఒక్కటే. అది నొప్పి లేకుండా వరుసగా మూడుసార్లు వస్తేనే ఆ స్కేలు మనది. రాకపోతే ఫోనులోనే అర మెట్టు, ఒక మెట్టు దించుకోవచ్చు. మరీ రెండు మెట్లు దాటి దించితే వాయిద్యాలు మత్తెక్కినట్టు మూలుగుతాయి, అప్పుడు పాటే మార్చుకోవడం మేలు.

తర్వాత మైకు. పెదవికి నాలుగు వేళ్ల దూరం, పై స్వరానికి జానెడు. ప, బ, భ వచ్చే మాట దగ్గర మొహం కాస్త పక్కకు తిప్పాలి, లేకపోతే బాక్సులో బాంబు పేలుతుంది. మైకు మొహం సౌండు బాక్సు వైపు తిరిగితే కూత పెడుతుంది. కంగారుపడి దాని తల మూసేస్తే ఇంకా ఎక్కువ కూస్తుంది. బ్లూటూత్ స్పీకరును నమ్మకూడదు, తాళం ఒక పిసరు ఆలస్యంగా వస్తుంది. ఫోను తెర మీద అక్షరాలు ఒక చోట, చెవిలో తాళం ఒక చోట. వైరు పెట్టుకుంటే గొడవ లేదు. ఇక చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యం మోగేటప్పుడు ఏం చేయాలో తెలియక కొత్తవాళ్లు నేల చూస్తారు. తొడ మీద తాళం లెక్కపెట్టుకోవడమే దానికి మందు.

ఇంకా హార్మోనియం, తబలా పెట్టుకునేవాళ్లకు సముద్రపు గాలి సంగతి వేరే. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. ఆ చెమ్మకు తబలా చర్మం వదులై మధ్యాహ్నం కట్టిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతుంది. సుత్తి పక్కనే ఉండాలి. హార్మోనియం మెట్లు ఉబ్బి నొక్కితే పైకి లేవవు.

వినేవాళ్ల సంగతి ఇంకా చిక్కు. పందిరి తెలుగువాళ్లదే అయినా ముందు వరసలో బెంగాలీ పొరుగువాళ్లు, తమిళ స్నేహితులు, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు. అందరినీ కలిపే మాట హిందీ. అందుకని ఇక్కడ ఒక ఉపాయం ఉంది. ‘రోజా’లో బాలు పాడిన పాట ఉంది కదా, తమిళంలోనూ తెలుగులోనూ హిందీలోనూ ఆయన గొంతే. వరస ఒకటే, మాటలు మూడు రకాలు. పల్లవి తెలుగులో, మొదటి చరణం హిందీలో, రెండోది తమిళంలో పాడితే పందిట్లో మూడు వైపుల నుంచీ జనం అందుకుంటారు. అలా అందుకోవడమే వంత. ట్రాకు ఇవ్వనిది జనం ఇస్తారు. పాట ఎంచుకునేటప్పుడు ‘నేను బాగా పాడగలనా?’ అని ఆలోచించేవాడి కంటే ‘నాతో పాటు వీళ్లు పాడగలరా?’ అని ఆలోచించేవాడు ఇక్కడ తెలివైనవాడు. అరుదైన రాగం, ఎవరూ వినని పాట తెచ్చేవాళ్లను చూస్తే నాకు ముచ్చటే గానీ, పందిరికి అది పనికిరాదు.

ఇంకో రకం పందిరి కూడా లోకంలో ఉంది. న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో 1934లో ఔత్సాహికుల రాత్రి మొదలైంది. నచ్చకపోతే జనమే అరిచి దించేస్తారు. ఆ ఏడాదే పదిహేడేళ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ నాట్యం చేద్దామని వచ్చి, తన ముందు ఆడినవాళ్లను చూసి బెదిరి, పాట పాడి గెలిచింది. అగ్గిలో కాల్చి చూసే పద్ధతి అది. మనకూ పరీక్షలు లేకపోలేదు. 1963లో మొదలైన పోర్ట్ బ్లెయిర్ ఆకాశవాణిలోనైనా, అదే ఏడాది వచ్చిన విశాఖ ఆకాశవాణిలోనైనా మైకు ముందుకు పోవాలంటే ఆడిషను దాటాలి. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఒక తెలుగు సంస్థ పెట్టిన ఔత్సాహికుల పోటీలో గెలిచి సంగీత దర్శకుడు కోదండపాణి కంట్లో పడ్డ కుర్రాడే తర్వాత బాలు అయ్యాడు. 1996లో ఆయనే ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టి ఎందరో పిల్లలకు మెట్టు వేశాడు. పోటీ వల్ల గాయకులు తయారవుతారు, కాదనను. పాడే ఊరు మాత్రం తయారవదు. పోటీ చూసి ఇంటికి వెళ్లినవాళ్లు ‘మనకెందుకులే’ అనుకుంటారు. పందిట్లో చేపలవాడు, టీచరమ్మ, డ్రైవరు పాడింది విన్నవాళ్లు ‘ఈసారి మనమూ’ అనుకుంటారు.

ఈ ఊళ్లో అందరూ చూసే కట్టడం సెల్యులార్ జైలు. 1896 నుంచి పదేళ్లు కట్టారు. ఏడు రెక్కలు, ఒక రెక్కలో గదుల మొహం ఇంకో రెక్క వీపు వైపు, ఎదురు గదిలో మనిషి కనబడకుండా. ఒక మనిషికి ఇంకో మనిషి తోడు లేకుండా చేయడమే దాని లెక్క. కాకినాడ బాంబు కేసులో మన ప్రతివాది భయంకరాచారిని ఇక్కడికే పంపారు. ఆ గోడల మధ్య ఎవరైనా పదం ఎత్తితే అందుకునేవాడు ఉండకూడదనే ఆ కొలతలు. ఇప్పుడు ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. అదే ఊళ్లో పండగ రాత్రి ఒకడు రెండో మాట మరిచిపోతే పదిమంది అందిస్తారు.

పది కావస్తుంటే మైకు కట్టేయమని కమిటీవాళ్లు చెయ్యి ఊపుతారు. పాడతామని పేర్లు రాసిచ్చిన చీటీలు ఇంకా నాలుగు మిగిలి ఉంటాయి. బాక్సు ఆగాక తాళాల జత ఎవరో బయటికి తీస్తారు. చీటీ ఇవ్వడానికి సిగ్గుపడ్డ పెద్దమ్మ అప్పుడు గొంతు సవరించుకుంటుంది. ‘పాడు పెద్దమ్మా, మేమున్నాం గదా’ అంటుంది పక్కనున్న పిల్ల.