చైన్ మీద చెయ్యి పడితే

వరి, పత్తి పండే మోత్కూర్ చుట్టుపక్కల బండి లేనిదే పొద్దు గడవదు. 2016లో నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతంలో ఎండాకాలం దుమ్ము, నాట్ల కాలం బురద. రెండింటి దెబ్బా ముందు తినేది చైనే.

అందుకే మంచి మెకానిక్ పని చూడముచ్చటగా ఉంటుంది. ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, చైన్ కవర్ విప్పుతాడు. కిరోసిన్‌లో తడిపిన బ్రష్‌తో లింకుల మధ్య గట్టిపడ్డ నల్లటి మడ్డిని వదిలించి, పాత బట్టతో పొడిగా తుడుస్తాడు. వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైన్ లోపలి వైపు 90 నంబర్ గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేస్తాడు. బండి నడిచినప్పుడు ఆ నూనె తనంతట తానే బయటి వైపుకు పాకుతుంది. పైన మిగిలింది తుడిచేస్తాడు, లేకుంటే దుమ్ము పట్టేస్తుంది.

తర్వాత కింది చైన్‌ను వేలితో పైకి నొక్కి చూస్తాడు. చాలా చిన్న బండ్లకు 2 నుంచి 3 సెంటీమీటర్ల ఆట చాలు. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదిలేస్తే చైన్ పళ్ల మీంచి జారుతుంది. క్లిప్ లాక్ మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకే పెడతాడు. ఎంత తొందరలో ఉన్నా ఆ లెక్క తప్పడు.

నడిపేవారికీ అంతే శ్రద్ధ కావాలి. ఐఎస్ 4151 ప్రమాణానికి తగ్గ ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ వదిలేస్తే పడ్డప్పుడు హెల్మెట్ ముందే ఊడిపోతుంది.