‘ఈగ’లో నడిమి బొమ్మలు: ఒక పరిశీలన

2012లో విడుదలైన ఎస్.ఎస్.రాజమౌళి ‘ఈగ’ చిత్రమునకు కథానాయకుడు ఒక కంప్యూటరు బొమ్మ. ఆ చిత్రమునకుగాను మకుట సంస్థకు ఉత్తమ స్పెషల్ ఎఫెక్టుల జాతీయ పురస్కారము లభించినది. అయితే ఆ ఈగ కదలికలో యంత్రము పాలెంత, మనిషి పాలెంత? హైదరాబాదు వెళ్లి యానిమేషను నేర్వదలచిన హుస్నాబాదు విద్యార్థికి ఈ ప్రశ్న చాల ముఖ్యమైనది. “నడిమి బొమ్మలన్నియు కంప్యూటరే వేయును” అను మాట సగమే నిజము.

తెరపై సెకనుకు 24 బొమ్మలు మారును. చిత్రకారుడు కొన్ని కీలక భంగిమలను నిర్ణయించి, నడుమ వచ్చువానిని యంత్రమునకు వదలును. కెనడా జాతీయ పరిశోధనామండలికి చెందిన బర్ట్‌నిక్, వైన్ అనువారి పద్ధతితో 1974లో ‘హంగర్’ అను లఘుచిత్రము ఈ విధముగనే రూపొందినది.

యంత్రమునకు తెలిసినది గణితమే. క్రిందికి వ్రేలాడు 70 సెంటీమీటర్ల చేయి భూమికి సమాంతరముగ లేచినదనుకొనుడు. రెండు స్థానములలోని చేతి కొనలను సరళరేఖతో కలిపి మధ్యబిందువును తీసినచో, భుజమునుండి దాని దూరము 49.5 సెంటీమీటర్లే! చేయి నడుమ కురచయైపోయినది. దూరమునకు బదులు కోణమును విభజించినచో ఈ దోషము పోవును. కాని వేగము సంగతి మిగులును. చేతినుండి జారిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. మొదటి అర సెకనులో పడునది అందులో సగము కాదు, నాలుగవ వంతు. దూరమును సమభాగములుగ పంచినచో రాయికి బరువున్నట్లే తోచదు.

ఇక ఇంటి ఈగ రెక్కలు సెకనుకు సుమారు 200 మారులు కొట్టుకొనును. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ ఎనిమిది మారులు గడచిపోవును. వానిని ఏ నడిమి బొమ్మయు పట్టజాలదు. మసకగ చూపుటయే మార్గము.

‘ఈగ’ గొప్పతనము ఈ లెక్కలలో లేదు. పలుకలేని, కనుబొమలు లేని ప్రాణి ముందుకాళ్లతోను, తల వంపుతోను పగను, ప్రేమను తెలుపును. ఆ భంగిమలు ఏ సూత్రమునుండియు పుట్టవు. అయితే మిల్లీగ్రాములలో తూగు ప్రాణి మనిషివలె నింపాదిగ చేతులు ఆడించునా? శాస్త్రదృష్టికి ఇది లోపమే. కాని ఆ లయ లేనిదే ప్రేక్షకునికి ఈగ మనసు తెలియదు. తెలిసి చేసిన తప్పు గావున అది మన్నింపదగినది. తెలియక చేసిన తప్పును ఏ యంత్రమును కప్పిపుచ్చలేదు.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశీ పటములలో గడికి గడికి నడుమ కథను చెప్పువాని మాట నింపును. కంప్యూటరు బొమ్మల నడుమ నింపవలసినది చలనసూత్రముల జ్ఞానము. ఉపాధ్యాయులు పై రాయి పతనమును తరగతిలో 24 బొమ్మలుగ వేయించి చూడవచ్చును. ఆ బొమ్మలు సరిగ వేయగల విద్యార్థికి యంత్రము పనిముట్టగును. వేయలేనివాడు యంత్రము చూపినదానినే నిజమని నమ్మును.