మెదడుపై అయస్కాంతము - మూత్రాశయమునకు ఉపశమనమా?

వెన్నుపాము దెబ్బతిన్నవానిని చూడవచ్చినవారు మొదట అడుగునది "నడవగలడా?" అని. అతడు నోరు విడిచి చెప్పుకొనలేని బాధ వేరొకటి: మూత్రము అతని వశమున లేదు. అయస్కాంత ప్రేరణతో మెదడును మేల్కొలిపినచో ఆ వశము తిరిగి వచ్చునను మాట ఇటీవల వినబడుచున్నది. దీనిని కొంత నిదానించి పరిశీలింపవలెను.

మూత్రాశయము నిండునపుడు దాని గోడ సడలియుండును. ద్వారము వద్దనున్న సంవరణి కండరము బిగిసియుండును. విసర్జన వేళ ఇది తారుమారగును. ఈ పొత్తు కుదుర్చు కేంద్రము మెదడు కాండములోని పాన్స్ భాగమున కలదని బారింగ్టన్ 1925లో పిల్లులపై చేసిన పరిశోధనల వలన తేలినది. ఆజ్ఞ వెన్నుపాము వెంట నడుము దిగువకు దిగవలెను. త్రోవ తెగినచో గోడ, సంవరణి ఒకేసారి బిగియును. లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండములు చెడును. పూర్వము ఇట్టి రోగులలో పెక్కుమందిని బలిగొన్నది ఇదియే.

1985లో షెఫీల్డు నగరమున బార్కర్, అతని సహచరులు తలపై తీగచుట్ట నుంచి, అందులో క్షణకాలము బలమైన విద్యుత్తును పంపగా చేతి కండరములు కదలినవి. తరగతిలో బోధించు ఫారడే సూత్రమే ఇది! పుర్రె తెరువ పనిలేదు. అయితే ఈ ప్రభావము పైపొరలలో కొద్ది సెంటీమీటర్ల లోతునకే బలముగా నుండును. పాన్స్ అంతకంటె లోతున నున్నది. పైగా కాలువకు గండి పడిన పిదప తూము ఎంత ఎత్తినను చివరి మడికి నీరందదు. కొన్ని తంతువులైనను మిగిలినవారి విషయమున మాత్రమే ఈ ఆశకు ఆధారము కలదు. అట్టివారిపై పరీక్షలు జరుగుట సమంజసమే.

ఆ పరీక్షలు చిన్నవి. చుట్ట టక్కుమని మ్రోగును, నెత్తిపై తట్టినట్లుండును. కనుక ఉత్తుత్తి చుట్టతో పోల్చి చూడనిదే రోగి చెప్పు ఉపశమనమును నమ్మరాదు. అంతకంటె ముఖ్యమైనది ఒత్తిడి కొలత. ఆతురత తగ్గినదని రోగి సంతోషించుచుండగా లోపలి ఒత్తిడి తగ్గకున్నచో మూత్రపిండములు నిశ్శబ్దముగా చెడుచుండును. ప్రశ్నపత్రము నింపించి ఊరకొన్న పరిశోధనకు విలువ స్వల్పము.

గండికి దిగువనే ప్రేరేపించు మార్గమును లండనులో బ్రిండ్లీ 1970 దశకమున చూపెను. నాడీమూలములకు అమర్చిన పరికరము మూత్రమును వెడలించును; కాని దానితోపాటు జ్ఞాననాడుల మూలములను కోయుట పరిపాటి. మిగిలిన స్పర్శ, లైంగిక ప్రతీకార చర్యలు దానితో పోవును. ఆ వెల రోగికి ముందే తెలుపవలెను.

యంత్రమేదియు లేక, శుభ్రమైన చేతులతో రోగియే కొన్ని గంటలకొకసారి సన్నని గొట్టము దూర్చి మూత్రము తీసికొను పద్ధతిని 1972లో అమెరికాలో లాపిడెస్ ప్రకటించెను. నేటికిని వైద్యులు మొదట చెప్పునది అదే. మెడ వద్ద దెబ్బతిని వ్రేళ్లు కదలనివారికి మాత్రము ఇంటివారి చేతులే దిక్కు.