22 ఫ్రేము, 76 సెంటీమీటర్ల కాలు

ఖమ్మంలోనైనా కొత్తగూడెంలోనైనా పాత సైకిల్ షాపులో ఫ్రేము గురించి అడిగే ప్రశ్న ఒకటే: 22 కావాలా, 24 కావాలా? ఆ అంకె సీటు కింద ఉండే నిలువు గొట్టం పొడవు, అంగుళాల్లో. 22 అంటే 56 సెంటీమీటర్లు, 24 అంటే 61. పొడుగు మనిషికి 24, మిగతావాళ్ళకు 22, మీసాలు రాని కుర్రాడికి 20. తరాలుగా ఇదే లెక్క. ఇప్పుడు గేర్ల సైకిల్ కొని, క్యారియర్‌కు అటూ ఇటూ సంచులు కట్టి, భద్రాచలం మీదుగా పర్ణశాలకో, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటుకో పోదామనుకునేవాళ్ళు కూడా ముందు ఆ నిలువు కొలతనే అడుగుతున్నారు. కొత్త షోరూముల్లో అంకె బదులు మీ ఎత్తు అడిగి, పట్టికలో వేలు పెట్టి ఎస్, ఎమ్, ఎల్ అని తేల్చేస్తారు. నా మాట ఏమిటంటే, దూరప్రయాణపు సైకిల్‌కు నిలువు గొట్టం పొడవు అన్నిటికంటే ఆఖరున చూడాల్సిన కొలత. కొన్నాక సరిచేసుకోలేనివి ముందు చూడాలి. అవి రెండే: అడ్డ రాడ్డుకూ గజ్జలకూ మధ్య ఖాళీ, సీటు నుంచి హ్యాండిల్ దాకా దూరం. ఈ రెండూ చూసి కొంటే మన ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళలో చాలామందికి అలవాటైన దానికంటే ఒక సైజు చిన్న ఫ్రేమే సరిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. మన దేశంలో మగవాళ్ళ సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైదాకా జరిపి, దాని అంచు నుంచి నేల దాకా కొలిస్తే అంత ఎత్తు మనిషికి 76 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ప్యాంటుకు టైలరు తీసే కొలత ఇది కాదు, అది ఇంతకంటే తక్కువ ఉంటుంది. సీటు ఎంత ఎత్తున ఉండాలో 1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు పరీక్షించి చూశారు. పెడల్ అడుక్కి వెళ్ళినప్పుడు దాని నుంచి సీటు పైదాకా దూరం కాలి కొలతకు 109 శాతం ఉంటే తక్కువ శ్రమతో ఎక్కువ పని జరుగుతుందని తేల్చారు. 76కు అది 83 సెంటీమీటర్లు. పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 17 తీసేస్తే పెడళ్ళ ఇరుసు నుంచి సీటుకు 66. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ దగ్గర నేర్చుకుని అమెరికన్ పందెగాడు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం వేరే దారిలో వస్తుంది: కాలి కొలతను 0.883తో హెచ్చించమంటుంది. అదీ 67 దగ్గరే ఆగుతుంది. ఇక 22 ఫ్రేము నిలువు గొట్టం 56, దాని మీద స్ప్రింగుల సీటు మరో పది. మొత్తం 66. అంటే సీటు పిల్లరును పూర్తిగా లోపలికి దింపేస్తే సగటు మనిషికి 22 ఫ్రేము సీటు ఎత్తు అచ్చంగా కుదిరింది! ఇన్నేళ్ళు 22 మనకు సరిపోయిందని అనిపించడానికి కారణం ఇదే. అదే మనిషిని 24 మీద కూర్చోబెడితే సీటు 71కి పోతుంది. అతని వెనక నడిచి చూడండి. పెడల్ కిందికి వెళ్ళిన ప్రతిసారీ నడుము ఆ పక్కకు ఒరుగుతుంది, పాదం మునివేళ్ళ మీద నిలబడుతుంది. సంతకు పోయి వచ్చే నాలుగు మైళ్ళలో అది బాధ పెట్టదు. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఒక్కో చుట్టుకు సైకిల్ 5 మీటర్లు సాగుతుందనుకుంటే, మధ్యలో తొక్కడం ఆపకపోతే, మోకాలు 24,000 సార్లు వంగి లేవాలి.

సీటు ఎత్తు కుదిరింది కాబట్టి సైకిల్ కుదిరిందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. 28 అంగుళాల చక్రాల పాత సైకిల్‌లో పెడళ్ళ ఇరుసు నేలకు దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మీద కొద్దిగా వెనక్కి వాలిన 56 సెంటీమీటర్ల గొట్టం. అడ్డ రాడ్డు నేలకు 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కాలి కొలత 76. చెప్పులేసుకున్నా ఆ మనిషి రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడలేడు. ఇక్కడ పెద్దవాళ్ళు అనే మాట న్యాయమైనదే: మా నాన్న జీవితమంతా ఆ సైకిలే తొక్కాడు, ఎరువుల బస్తాలు వేసుకుని తొక్కాడు, ఆయనకు లేని ఇబ్బంది మీకెక్కడిది? ఇబ్బంది లేనిమాట నిజం. ఎందుకు లేదో చూడాలి. ఆయన సైకిల్ ఎక్కే తీరే వేరు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, కుడికాలితో నేలను రెండు మూడుసార్లు తన్ని, వేగం అందుకున్నాక కుడికాలిని వెనక నుంచి తిప్పి సీటు మీదికి చేరేవాడు. దిగేటప్పుడూ అంతే, కదులుతుండగానే కాలు వెనక్కి తిప్పి నడకలోకి దిగేవాడు. రాడ్డు మీద నిలబడాల్సిన అవసరమే రాలేదు. హ్యాండిల్ కూడా వెనక్కి వంగి వచ్చి పిడులను ఒళ్ళో పెట్టినంత దగ్గరకు తెచ్చేది, అందుకే అడ్డ రాడ్డు పొడుగు చేతులకు తెలిసేది కాదు. ఎత్తు వస్తే దిగి నెట్టేవాడు, అది నామోషీ కాదు. రాలీ, బీఎస్‌ఏ లాంటి ఇంగ్లండు కంపెనీల రోడ్‌స్టర్ నమూనా అలాగే మనకు వచ్చింది, 1951లో అట్లాస్, 1956లో హీరో మొదలయ్యాక కూడా అదే సాగింది. ఆ సైకిల్లో ఫ్రేము, హ్యాండిల్, సీటు, ఎక్కే పద్ధతి ఒకదానికొకటి అమరి ఉన్నాయి. అందులోంచి 22 అనే అంకె ఒక్కటి ఊడదీసి తిన్నటి హ్యాండిలున్న గేర్ల సైకిల్‌కు తగిలిస్తే మిగతా అమరిక వెంట రాదు.

సామాను ఎక్కిన సైకిల్‌కు ఆ పాత పద్ధతి అసలే పనికిరాదు. సంచుల మీద చాప చుట్టో, గుడారమో అడ్డంగా కట్టి ఉంటే కాలు వెనక నుంచి తిప్పలేం. ముందు నుంచి రాడ్డు మీదుగా కాలు దాటించాలి, నిలబడాలి, ఒక పెడల్ పైకి తెచ్చి దాని మీద బరువేసి కదలాలి. ఆగినప్పుడూ రాడ్డు మీదుగానే కిందికి రావాలి. ఈ అడవి అంచు దారుల్లో ఆగడం మన ఇష్టప్రకారం జరగదు. పాల్వంచ దాటాక సారపాక కాగితం మిల్లు నుంచి తిరిగొచ్చే లారీ ఎదురుగా ఇంకో బండిని దాటుతూ వస్తే సైకిల్‌కు మిగిలేది తారు అంచే. తారుకూ పక్క మట్టికీ మధ్య జానెడు లోతు ఉన్న చోట్లుంటాయి. ఎడమ కాలు పెట్టాల్సింది ఆ లోతులో. చదును నేల మీద 2 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న ఫ్రేము అక్కడ గజ్జల్లో గుచ్చుకుంటుంది. సైకిల్‌ను పక్కకు వాల్చి దిగొచ్చు కదా అంటారు. ఖాళీ సైకిలైతే వాల్చొచ్చు. వెనక 20 కిలోలున్నప్పుడు కొంత వాలాక దాన్ని ఆపడం చేతుల వల్ల కాదు, మనిషీ సైకిలూ కలిసే పడతారు. చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు ఎక్కే ఘాటులో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. చిన్న గేరులో నడక వేగంతో ఎక్కుతుంటాం. మలుపులో ఊపిరి చాలక సైకిల్ నిలిచిపోతుంది. కాలు దించడానికి దొరికే సమయం ఒక్క క్షణం. వాన వెలిసిన రోజైతే కింద ఆకులు, గులకరాళ్ళు. తారు రోడ్డు సైకిళ్ళకు 2.5 నుంచి 5 సెంటీమీటర్ల ఖాళీ చాలంటారు, కొండల సైకిళ్ళకు 7 నుంచి 10 అంటారు. సామానుతో ఈ దారుల్లో తిరిగే సైకిల్‌కు 5కు తగ్గకూడదని, మట్టి దారులు కూడా తొక్కేవాళ్ళకు 7 ఉండాలని నా లెక్క.

రెండో కొలత సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం. దీన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు, ఎందుకంటే షాపు ముందు రెండు చుట్లు కొడితే ఇందులో తప్పు తెలియదు. నాలుగో గంటలో మెడ వెనక, చిటికెన వేలి దగ్గర తెలుస్తుంది. సీటు పైకీ కిందికీ జరుగుతుంది. దూరాన్ని అలా జరపలేం. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ మార్చి 3, 4 సెంటీమీటర్లు తగ్గించొచ్చు, అంతకు మించి పొట్టిదేస్తే హ్యాండిల్ తత్తరపడుతుంది. చాలామంది సీటును పట్టాల మీద ముందుకు తోసేసి చేతులు అందాయని తృప్తిపడతారు. చేతులు అందుతాయి నిజమే, మోకాలు మాత్రం పెడల్‌ను దాటి ముందుకు పోతుంది, ఒంటి బరువు అరచేతుల మీద పడుతుంది. 1990ల్లో మైక్ బరోస్ అనే ఇంగ్లిష్ డిజైనరు జెయింట్ కంపెనీకి వెనక్కి వాలిన రాడ్డు ఫ్రేములు చేశాక రెండేసి సెంటీమీటర్ల తేడాతో వరసగా వచ్చే సైజులు పోయి ఎస్, ఎమ్, ఎల్ వచ్చాయి. కంపెనీకి ఖర్చు తగ్గింది. రాడ్డు వాలు వల్ల ఖాళీ పెరిగింది, అది మనకు మేలే. నిలువు గొట్టం కొలతకు మాత్రం అర్థం పోయింది, ఒక కంపెనీ ఎమ్‌కూ ఇంకో కంపెనీ ఎమ్‌కూ పొంతన లేకుండా పోయింది. అందుకే ఇప్పుడు స్టాక్, రీచ్ అని రెండు కొలతలు ఇస్తున్నారు. పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొన ఎంత ఎత్తున ఉందో అది స్టాక్, ఎంత ముందుకు ఉందో అది రీచ్. రెండు ఫ్రేములను పోల్చాలంటే నేను నమ్మే అంకెలు ఇవే. ఎత్తు ఒక్కటే ఉన్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడుగు, ఇంకొకరికి నడుము పైభాగం పొడుగు. ఎత్తు పట్టిక ఆ ఇద్దరికీ ఒకే ఫ్రేము ఇస్తుంది.

పెద్ద ఫ్రేము పక్షాన గట్టి వాదన ఒకటుంది, దాన్ని తోసిపుచ్చకూడదు. అమెరికాలో రివెండెల్ సైకిళ్ళు చేసే గ్రాంట్ పీటర్సన్ ఏళ్ళుగా చెప్తున్నది: పందేల మోజులో జనం మరీ చిన్న ఫ్రేములు కొని, సీటు పైకీ హ్యాండిల్ కిందికీ పోయి, వంగి వంగి నడుములు పాడుచేసుకుంటున్నారు, పెద్ద ఫ్రేము తీసుకుంటే హ్యాండిల్ సీటంత ఎత్తుకు వస్తుంది అని. హ్యాండిల్ ఎత్తు విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. లెమాండ్‌దే ఇంకో సూత్రం ఫ్రేము సైజుకు కాలి కొలతను 0.65తో హెచ్చించమంటుంది. 76కు 49 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 20 అంగుళాలకు కాస్త తక్కువ. అది పందేల మనిషి నుంచి వచ్చిన సూత్రం కాబట్టి హ్యాండిల్ కిందే ఉంటుంది, దూరప్రయాణానికి, అంటే టూరింగుకు, దాన్ని యథాతథంగా తీసుకోకూడదు. కానీ హ్యాండిల్ ఎత్తడానికి ఫ్రేమంతా పెంచనక్కర్లేదు. ముందు గొట్టం పొడుగ్గా ఉన్న ఫ్రేము ఎంచుకోవచ్చు, ఫోర్కు పైగొట్టాన్ని కోయకుండా ఉంచి కింద రింగులు వేయించుకోవచ్చు, పైకి లేచే స్టెమ్ వేసుకోవచ్చు. పొడవైన రాడ్డును కోసి పొట్టి చేయించుకునే దారి మాత్రం లేదు. ఇంకో అభ్యంతరం నీళ్ళది. చిన్న ఫ్రేము మధ్యలో పెద్ద సీసాలు పట్టవు, ఏప్రిల్‌లో శ్రీరామనవమి వేళ కొత్తగూడెం ఎండలో నీళ్ళు లేకుండా సాగదు. ఖమ్మం, భద్రాచలం మధ్య ఊళ్ళున్నాయి, ఎండాకాలం చలివేంద్రాలుంటాయి. చింతూరు దాటాక అడవిలో ఆ భరోసా లేదు. అందుకని ఫోర్కుకు రెండు పక్కలా సీసాలు బిగించే రంధ్రాలున్న ఫ్రేము చూసుకోవాలి. నీళ్ళకు వేరే చోటు దొరుకుతుంది కాబట్టి దానికోసం ఫ్రేము పెంచడం అనవసరం.

చిన్న ఫ్రేముకు తన సొంత లోపాలూ ఉన్నాయి. వెనక చక్రం దగ్గరకు జరిగితే తొక్కేటప్పుడు మడమ సంచికి తగులుతుంది. పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం నడిబొడ్డు దాకా 44 సెంటీమీటర్లకు తక్కువున్న ఫ్రేము టూరింగుకు తీసుకోవద్దు. ముందు చక్రం దగ్గరకు వస్తే మలుపులో బొటనవేలు టైరుకు తగులుతుంది. ఘాటులో నెమ్మదిగా హ్యాండిల్ బాగా తిప్పినప్పుడే ఇది జరుగుతుంది, పడేదీ అప్పుడే. 700సీ చక్రాలను 50 కంటే చిన్న ఫ్రేముల్లో ఇరికించడం వల్ల వచ్చే చిక్కు ఇది. చక్రాన్ని 26 అంగుళాలకు తగ్గిస్తే పోతుంది. ఆ టైర్లు పిల్లల గేర్ల సైకిళ్ళ పుణ్యమా అని చిన్న పట్నాల షాపుల్లోనూ దొరుకుతాయి. 700సీ టైరు అడిగితే 28 టైరు చేతికిచ్చే అవకాశం ఉంది, రెంటినీ 28 అనే అంటారు గనక. పాత సైకిల్ రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, 700సీది 622. ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు.

ఈ లెక్కంతా ఎక్కువగా వర్తించేది ఆడవాళ్ళకు. సగటు ఎత్తు 152, కాలి కొలత 70 దగ్గర. వాళ్ళ ముందు మనం పెట్టిన పరిష్కారం రాడ్డు కిందికి దించిన లేడీస్ సైకిల్. ఖాళీ సమస్య దానితో తీరింది, చేతుల దూరం తీరలేదు. 1985లో జార్జినా టెర్రీ అనే అమెరికన్ ఇంజనీరు ముందు చక్రం 24 అంగుళాలకు తగ్గించి పొట్టి రాడ్డు ఫ్రేములు చేయడం మొదలుపెట్టింది ఈ దూరం కోసమే. 152 సెంటీమీటర్ల మనిషికి కావలసిన ఫ్రేము 44, 46 సైజుల్లో, 26 చక్రాలతో, క్యారియర్ బిగించే రంధ్రాలతో ఉండాలి. షాపులో కనబడేది ఎమ్, ఎల్. ఎస్ కావాలంటే ఆర్డరు పెట్టాలంటారు, డబ్బు ముందు కట్టమంటారు, వచ్చాక కూర్చుని చూసి వద్దంటే తిరిగి తీసుకోం అంటారు. మనిషి ఎత్తు పక్కన రాడ్డు ఎత్తు, రీచ్ కూడా ధర చీటీ మీద రాసి పెట్టడానికి షాపువాళ్ళకు అయ్యే ఖర్చు ఏమీ లేదు, కంపెనీలు ఆ అంకెలు ఇస్తూనే ఉన్నాయి. ఎస్ సైజు సైకిల్ ఒక్కటైనా షాపులో నిలబెడితే, డబ్బు కట్టకముందే దాని మీద కాళ్ళు రెండు పక్కలా పెట్టి నిలబడి చూసుకునే వీలు ఆ కొనే మనిషికి ఉంటుంది.