కేసు షీటులో కులం గడి ఏది?

మన దగ్గర కౌన్సెలింగ్ అనే మాటకు చాలా అర్థాలున్నయి. ఎంసెట్ రాసినోడికి (పరీక్ష పేరు మారినా జనం నోట్లో అదే) అది సీటు దొరికే చోటు. రౌడీషీటు తెరిచిన వాడపిల్లగాడికి అది ఎస్సై ముందర చేతులు కట్టుకుని నిలబడడం. విశ్వవిద్యాలయంలో ఎమ్మేగా చెప్పే కౌన్సెలింగ్ మూడోది. ఎదుటి మనిషి బాధ వినడాన్ని విద్యగా, ఉద్యోగంగా నేర్పే చదువది. దళిత విద్యార్థులతో ఈ మూడో దాని గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చిందని మేం అనుకుంటున్నాం.

విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలన్నది. అణగారిన వర్గాల పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా అన్నది. హెచ్ఐవి పరీక్షా కేంద్రాల్లో, సఖి కేంద్రాల్లో, 2022లో మొదలైన టెలి మానస్ ఫోన్ సేవలో ఈ కొలువులు ముందునుంచే ఉన్నయి. చాలావరకు కాంట్రాక్టువే. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే మాత్రం ఎమ్మే చాలదు, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ కావాలి. చదవమనే మేం చెప్తాం. చదువుతూ పాఠాన్ని నిలదీయమని కూడా చెప్తాం.

సిలబస్‌లో ముందుగా ఎదురయ్యే పెద్దమనిషి అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. 1942 నాటి పుస్తకంలోనే 'రోగి' అనే మాటను పక్కనబెట్టి 'క్లయింట్' అన్నాడు. వచ్చిన మనిషిని షరతుల్లేకుండా గౌరవించాలన్నాడు. ఇది చిన్న మాట కాదు. మనవాళ్లకు తరతరాలుగా దొరకనిది అదే గదా! అయితే రోజర్స్ గదిలో కూర్చున్నది ఒకరికొకరు కొత్తవాళ్లయిన ఇద్దరు వ్యక్తులు. మన గది అట్లాంటిది కాదు. ఇంటిపేరు, ఊరు, ఊళ్లో మీ ఇల్లు ఎటుపక్క - మూడు ప్రశ్నల్లో కులం తెలిసిపోతుంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు. ఈ మౌనాన్ని ఏం చేయాలో మేం చదివిన పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఆరన్ బెక్‌తో చిక్కు ఇంకా పెద్దది. ఆయనా, ఆయన దారిలో నడిచినవాళ్లూ ఆలోచనల్లో దొర్లే తప్పులకు జాబితా తయారుచేసిండ్రు. 'ఎదుటివాళ్ల మనసు చదవడం' అందులో ఒకటి. ఆధారం లేకుండానే నన్ను చిన్నచూపు చూస్తున్నరని అనుకోవడమన్నమాట. రెండు గ్లాసుల హోటల్ చూసి పెరిగిన పిల్లగాడు ఎదుటి ముఖం చదవకుండా బతికేదెట్లా? ఏ గడప దగ్గర ఆగాలో, ఏ అరుగు మీద కూర్చోవద్దో అమ్మ నేర్పిన మొదటి చదువది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిని పరిశీలించిన థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టల్లో వేరు చేయడం, అధ్యాపకుల వివక్ష అందులో నమోదైనయి. అంటే ఆ హాస్టల్లో 'నన్ను వేరుగా చూస్తున్నరు' అనుకోవడం పొరపాటు ఆలోచన కాదు, ఉన్న సంగతి. బెక్ ఆధారాలు చూడమనే అన్నాడు, కాదనం. ఆ ఆధారాలను ఎవరి కళ్లతో చూస్తరన్నదే తగువు.

మా మిత్రుడొకడు శిక్షణలో ఉండగా క్లయింటు మాటను ఉన్నదున్నట్టు రాసిండు: 'అందరి ముందర మా అయ్యను అరేయ్ అన్నరు, నాకు మొకం ఎత్తబుద్ధి కాలేదు.' పై అధ్యాపకుడు దాన్ని కొట్టేసి 'లో సెల్ఫ్ ఎస్టీమ్' అని దిద్దిండు. తెలుగులో చెప్తే, ఆత్మగౌరవం తక్కువ! 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత ఏ మాటను జెండాగా ఎత్తుకున్నమో, అదే మాట మన పిల్లగాని లోపంగా కేసు షీటులోకొచ్చింది. అరేయ్ అన్నోడు మాత్రం కాగితం మీదినుంచి మాయమైండు.

2016 జనవరిలో రోహిత్ వేముల మరణించినంక ఈ దిద్దుబాటే ప్రభుత్వ స్థాయిలో జరిగింది. హాస్టల్ నుంచి వెలివేసిన సంగతి అందరికీ తెలుసు. రూపన్‌వాల్ కమిషన్ మాత్రం కారణం ఆయన వ్యక్తిగత నిరాశేనన్నది.

మానసిక వైద్యుడైన ఫ్రాంజ్ ఫానన్ అల్జీరియాలో బ్లిడా ఆసుపత్రి ఉద్యోగానికి 1956లో రాజీనామా చేసిండు. వలస పాలన మనిషిని చితకగొడుతుంటే ఆసుపత్రి ఆ మనిషిని దానికి సర్దుకొమ్మనలేదన్నది ఆయన వాదన. మేం ఎవర్నీ రాజీనామా చేయమనం. మనకింకా ఆ కుర్చీయే సరిగా దొరకలేదు!

సైకాలజీ శాఖలను మేం అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. కేసు షీటులో 'జరిగిన అవమానం, చేసినవాళ్లు' అని ఒక గడి పెట్టండి. ప్రాక్టికల్స్‌కు కార్పొరేట్ ఆసుపత్రులకే కాకుండా సాంఘిక సంక్షేమ హాస్టళ్లకు కూడా పంపండి. ఇక విద్యార్థులకు ఒక మాట. క్లయింటు చెప్పిన తెలుగును దిద్దకుండా రాసుకున్న నోటుబుక్కులుంటే, వాళ్ల అనుమతితో, పేరూ ఊరూ తీసేసి మాకు పంపండి. వచ్చే సంచికల్లో చర్చకు పెడతాం.