నేను అంటే అయోడిన్

ఈ వారం మా మేనల్లుడు నన్ను అయోడిన్ చేశాడు. వాడు రాస్తున్న ప్రోగ్రాములో ఏ ఇంగ్లిషు మాట నొక్కినా అర్థం చెబుతుందట. "మామయ్యా, నువ్వే నొక్కి చూడు" అని ఫోన్ చేతికిచ్చాడు. బోణీగా 'ఐ' నొక్కాను. హాలోజన్ జాతి మూలకం, మందుల్లో వాడతారు అంది. 'హి' అంటే హీలియం. 'ఇట్' అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. 'హూ' అని అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ! 'ది'కి అసలు ఉలుకూ పలుకూ లేదు.

కాగితం డిక్షనరీయే మేలన్న నా పాత పాట ఎత్తుకున్నాను.  వాడికది కంఠతా వచ్చు కాబట్టి మధ్యలోనే ఆపాడు. అర్థాలు వాడివి కావు, వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువువి. పైథాన్‌లో ఎన్‌ఎల్‌టీకే లైబ్రరీతో తెచ్చుకున్నాడు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1985లో మొదలుపెట్టిన పని అది. నామవాచకాలు, క్రియలు, విశేషణాలు, క్రియావిశేషణాలు మాత్రమే ఉంటాయి. సర్వనామాలకు చోటు లేదు. పెద్దక్షరమో చిన్నక్షరమో పట్టించుకోదు గనక 'హి' కోసం వెతికితే హీలియం గుర్తు చేతికి తగిలింది.

మాటల వరస కూడా అకారాది కాదు. 'కార్', 'ఆటోమొబైల్', 'మోటార్‌కార్' ఒకే అర్థం కాబట్టి ఒకే గుంపు. ఇలాంటివి 1,17,000 పైచిలుకు.

అది వినగానే మా తాతయ్య పడకకుర్చీ కళ్లముందు కదిలింది. తెల్లారకముందే లేపి సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం వల్లె వేయించేవారు. దేవతలు ఒకచోట, ఊళ్లు ఒకచోట, చెట్లూ మందులూ ఒకచోట. ఒక దేవుడి పేర్లన్నీ ఒక్క గుక్కలో రావాలి. ఒకటి జారిందా, మళ్లీ మొదటికి. "ఏ మాట ఎక్కడుందో వెతకడం ఎలా తాతయ్యా?" అంటే, "వెతకడం దేనికిరా, నోట్లో ఉండాలి గానీ" అనేవారు. అమరమన్నా ఆయనన్నా అప్పట్లో నాకు ఒకటే భయం.

అంటే, ఇన్నేళ్లూ నేను వెనకేసుకొచ్చిన అకారాది పుస్తకమే నిన్నమొన్నటిది. కుర్రాడి ఫోన్‌లో ఉన్నది వెయ్యేళ్లు దాటిన పద్ధతి. నా పాట ఇక్కడితో కట్టిపెడుతున్నాను.

ఒక్క ముక్క మాత్రం వాడికి చెప్పాను. అమరం రాసిన అమరసింహుడు మూడో కాండలో అవ్యయాలకూ ఒక వర్గం ఇచ్చాడు, పొట్టి మాటలని వదిలేయలేదు. వాడు ఆ రాత్రే చిన్న మాటల జాబితా ఒకటి రాసుకున్నాడు. ముందు అందులో వెతికి, లేకపోతేనే వర్డ్‌నెట్ గడప తొక్కాలి. అన్నీ పూర్తయ్యాయి గానీ, 'ఐ' ఎదురుగా ఏం రాయాలని నన్నడిగాడు.

మూడు రోజులైంది, ఆలోచిస్తూనే ఉన్నాను. అందాకా నేను అయోడిన్‌నే.